ఊఁ కొట్టని మిషను

ఆ వానాకాలమంతా మా అక్క ఇంట్లో తీగ తెగిన కీబోర్డు ఒకటి మంచం పక్కన స్టూలు మీద ఉండేది. దానికి తెర లేదు, పెట్టె లేదు. దానికి మిషను మా అక్కే.

డాక్టరమ్మ అక్కను కాన్పయ్యేదాకా మంచం దిగవద్దంది. ఇదివరకోసారి కడుపు నిలవలేదు కాబట్టి ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎడమవైపు తిరిగి పడుకోవాలి, మెట్లెక్కకూడదు, బరువులెత్తకూడదు, కోపం తెచ్చుకోకూడదు. మిగతావన్నీ సరేగానీ ఆఖరిది కుదిరేపని కాదని నేను ఊరి నుంచి దిగిన రోజే తేలిపోయింది.

అక్క పనిచేసేది బస్సు డిపోలో. రేపు ఏ డ్రైవరు ఏ బస్సు తీయాలో చెప్పే డ్యూటీ చార్టు ఆమె చేతిలోంచి రావాలి. ఆ చార్టు తయారయ్యేది ఒక పాత కంప్యూటరులో. దానికి బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లటి తెర, పైమూల మిణుకుమిణుకుమనే చిన్న గీత, అంతే. మనకేం కావాలో మనమే అక్షరాల్లో కొట్టి చెప్పాలి. డిపో మొత్తం మీద దాంతో మాట్లాడడం తెలిసిన మనిషి అక్క ఒక్కతే. టికెట్ల కిటికీలో కూర్చున్న రోజుల్లో, తీరిక దొరికినప్పుడల్లా పాత గుమస్తా వెనక నిలబడి చూసి చూసి నేర్చుకుంది. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఆమెకొచ్చింది. అప్పటినుంచి డిపోలో ఆమె పేరు కంప్యూటరమ్మ.

ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉంచడం కుదరదన్నాడు మేనేజరు. హెడ్డాఫీసు నుంచి మనిషిని పిలిపిస్తానన్నాడు. అలా వచ్చినవాడు మళ్ళీ లేవడని, తను తిరిగి టికెట్ల కిటికీకే పోవాల్సి వస్తుందని అక్కకు తెలుసు. అందుకని, తను తిరిగి వచ్చేదాకా తన చెల్లెలు కూర్చుంటుందని మాట ఇచ్చేసింది. మాట ఇచ్చాక నాకు కబురు పెట్టింది.

నేను మా ఊరి బళ్ళో చదువుకున్నదాన్ని. బళ్ళో కూడా ఒక కంప్యూటరు ఉండేది. దాని మీద గుడ్డ కప్పి ఉండేది. ఆ గుడ్డ ఏ రంగో ఇప్పటికీ చెప్పగలను. కంప్యూటరు ఏ రంగో చెప్పలేను.

"నేనే మిషన్ననుకో," అంది అక్క మొదటి సాయంత్రం. "కొట్టు."

కీబోర్డు తెచ్చింది బావ. ఆయన అదే డిపో షెడ్డులో మెకానిక్కు. పాత సామాను కుప్పలోంచి దాన్ని ఏరి, నూనెగుడ్డతో తుడిచి, స్టూలు మీద పెట్టి, ఏమీ అనకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. బావ మాటలెప్పుడూ అంతే. ఆయన వాటా కూడా అక్కే మాట్లాడేస్తుంది.

నేను ఎల్ కొట్టి ఎస్ కొట్టాను.

"ఊఁ," అంది అక్క. "ఈ చోట ఏమేం ఉన్నాయో చూపించాను. చార్టులు, డ్రైవర్లు, సెలవులు. ఇవన్నీ గదులనుకో. ఇప్పుడు డ్రైవర్ల గదిలోకి వెళ్ళు. సీ, డీ, తరవాత గది పేరు."

కొట్టాను.

"అలాంటి కమాండు లేదు," అంది అక్క, డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతుతో. వెంటనే సొంత గొంతుతో అందుకుంది. "మధ్యలో ఖాళీ ఏదే? నీ పేరూ మా అత్తగారి పేరూ కలిపి ఒకటే కేక పెడితే ఇద్దరిలో ఎవరు పలుకుతారు?"

ఖాళీ వదిలి కొట్టాను.

"ఊఁ. ఇప్పుడెక్కడున్నావు?"

"ఇక్కడే. నీ మంచం పక్కన."

అక్క కళ్ళు మూసుకుని డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి నెమ్మదిగా తీసి నెమ్మదిగా వదిలింది. "మిషన్లో ఎక్కడున్నావే, ముంగీ?"

మాట తక్కువని నాకు ముంగి అని పేరు పెట్టింది అక్కే. చిన్నప్పుడు ఆమె కథ చెప్తుంటే ఊఁ కొట్టడం నా పని. నేను కొట్టడం మర్చిపోతే గిల్లేది. వినేవాళ్ళు ఊఁ అనకపోతే కథ ముందుకు నడవదనేది. ఇప్పుడు పాత్రలు మారాయి. నేను కొడుతున్నాను, ఆమె ఊఁ అంటోంది. కొట్టింది సరైనదైతే ఊఁ. తప్పైతే డబ్బా గొంతు, దాని వెనకే తిట్లు. వానకి రేకుల మీద చప్పుడు ఎక్కువైతే ఆమె ఊఁ అన్నదో లేదో వినపడక నేను ఆగిపోయేదాన్ని. అప్పుడు గట్టిగా మరోసారి అనేది.

బాణాల దగ్గర మాత్రం ఎగతాళి మానేసింది. ఒక ఫైల్లోది తీసి ఇంకో ఫైల్లో పోయాలంటే కుడివైపు చూసే బాణం గుర్తు కొట్టాలి. రెండు బాణాలు కొడితే పాతదాని కిందకి కొత్తది చేరుతుంది. ఒక్కటే కొడితే పాతదంతా తుడిచిపెట్టుకుపోయి కొత్తదే మిగులుతుంది. నిజంగా తీసెయ్యమంటావా అని కూడా అడగదు. "అది మేనేజరు లాంటిది," అంది అక్క. "మనం ఏం చెప్పామో అదే చేస్తుంది గానీ, ఏం చెప్పబోయామో దానికి అనవసరం."

*

నల్ల తెర ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు మేనేజరు నా వెనకే నిలబడ్డాడు. డ్యూటీ గదికి ఒకటే కిటికీ. దాంట్లోంచి డిపో ఆవరణ కనిపించేది. నీళ్ళు నిలిచిన గుంటలు, వాటిలో డీజిలు రంగులు, బస్సుల వెనక భాగాలు. మూల బల్ల మీద అంచులకి చిల్లులున్న కాగితాన్ని కరకరమని నమిలే ప్రింటరు.

తెర పేరడిగింది. అక్క చెప్పిన పేరు కొట్టాను. పాస్‌వర్డు అడిగింది. కొట్టాను. ఒక్క అక్షరమూ పడలేదు. చుక్క కూడా పడలేదు. మీటలు బిగుసుకున్నాయేమోనని గట్టిగా కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. తప్పంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పంది. ఆ తరవాత, కాసేపాగి రమ్మని తాళం వేసుకుంది.

మేనేజరు నా వైపు చూడలేదు, గోడగడియారం వైపు చూశాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

అక్కకు ఫోను చేసి, కీబోర్డు పాడైందని చెప్పాను.

"పాడవలేదు. పక్కవాళ్ళు చూస్తారని పాస్‌వర్డు చూపించదు. కనపడకుండానే లోపలికి పోతుంది."

"పోయిందని ఎలా తెలుస్తుంది?"

"తప్పైతే చెప్తుంది కదే."

అంతే చెప్పింది. నేను అంతే విన్నాను. ఆ మాటలో సగం పాఠం ఉందని ఇద్దరికీ తట్టలేదు.

కొన్నాళ్ళు అక్క ఫోన్లోంచే నడిపించింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని నేను తెర చదవడం, ఆమె ఏం కొట్టాలో చెప్పడం. ఇంట్లో గుక్క తిప్పుకోకుండా కొట్టేసినవి అక్కడికి వచ్చేసరికి మర్చిపోయేదాన్ని. చిన్న అక్షరాలు పెద్ద అక్షరాలు ఒకటి కావు దానికి. ఒక చుక్క ఎక్కువైతే ఒప్పుకోదు. రెండు చుక్కలు కొడితే వెనక గదిలోకి తోసేస్తుంది. తల ప్రాణం తోకకొచ్చేది. ఆవరణలో గొంతు చించుకునే డ్రైవరొకాయన ఉండేవాడు. ఆయన మామూలుగా మాట్లాడినా బస్సు పక్కకి తప్పుకునేదట. అందుకని హారన్ అనేవాళ్ళు. ఆయన కిటికీలోంచి తల పెట్టి, "ఏం తల్లీ, ఇవాళైనా పలికిందా నీ నల్లపెట్టె?" అనడం, నేను తల అడ్డంగా ఊపడం రోజూ జరిగే పనైపోయింది.

చివరికి ఒకరోజు మేనేజరు, ఎంతకాలం ఈ ఫోన్ల మీద నడిపిస్తారు, ఇవాళ నువ్వొక్కతివే చెయ్యి, అన్నాడు.

సరేనన్నాను. ఆ పని నాకు బాగా తెలుసు. ముందురోజు సాయంత్రమే అక్క దగ్గర తప్పులేకుండా కొట్టి చూపించాను. డ్రైవర్ల పేర్లున్న ఫైలు తీసుకెళ్ళి రేపటి చార్టు కింద చేర్చాలి, రెండు బాణాలతో. తరవాత ఇంకో కమాండు కొడితే మిషనే పేర్లన్నిటినీ సీనియారిటీ వరసలో నిలబెట్టి ఒక్కో పేరుకీ ఒక్కో బస్సు ఇస్తుంది. తరవాత ప్రింటు.

చేర్చమని కొట్టాను. తెర ఉలకలేదు, పలకలేదు. గీత కిందకి దిగి మళ్ళీ మిణుకుమంటోంది. ఏ మాటా రాలేదు. తప్పని కూడా అనలేదు. నేను కాసేపు చూశాను. బయట వాన. ఒకవేళ సరిగ్గా నొక్కలేదేమోనని, అదే కమాండు అక్షరం అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. ఏమీ అనలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఏడుపొచ్చినంత పనైంది. ఇంకోసారి కొట్టి, ఇక విసుగొచ్చి, కానీ ఏమైతే అదవుతుందని తరవాతి కమాండుకు పోయాను. ప్రింటరు నమలడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. కాగితం నేల మీదికి జారి మడతలు పడుతూ పోయింది. ఒక్కో పేరు మూడేసి సార్లు కనిపించింది. పొద్దున ట్రిప్పు, మధ్యాహ్నం ట్రిప్పు, సాయంత్రం ట్రిప్పు కాబోలు అనుకున్నాను. అందంగా మడిచి, బోర్డు మీద అద్దం వెనక పెట్టి ఇంటికి పోయాను. అన్నీ బాగా జరిగాయని అక్కకు చెప్పాను కూడా.

తెల్లవారి నేను వెళ్ళేసరికి ఒక్క బస్సూ కదల్లేదు. డ్రైవర్లందరూ గొడుగుల కింద బోర్డు ముందు మూగి ఉన్నారు. సీనియర్లకు తలా మూడు బస్సులు వచ్చాయి. కింద ఉన్న కుర్రవాళ్ళ దాకా వచ్చేసరికి డిపోలో బస్సులైపోయాయి.

"తల్లీ, మూడు బస్సులంటే పెద్ద గౌరవమే," అన్నాడు హారన్. "కానీ రెండు బస్సులకి రెండు చేతులు పోతాయి. మూడోది కాళ్ళతో తోలమంటావా?"

అందరూ నవ్వారు. మేనేజరు నవ్వలేదు. గేటు అవతల ప్రయాణికులు వానలో నిలబడి లోపలికి చూస్తున్నారు.

అక్కకు ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"చేర్చే కమాండు ఎన్నిసార్లు కొట్టావు?"

"అది పలికేదాకా."

"పలికిందా?"

"లేదు. విసుగొచ్చి మానేశాను."

నేను తిట్ల కోసం ఎదురుచూశాను. అవతల అక్క ఊపిరి మాత్రం వినపడింది. తరవాత, పక్కపక్కన ఒకేలా ఉన్న వరసల్లో ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యమనే కమాండు ఒకటుందని, దాని అక్షరాలు ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పింది. బస్సులు ఆలస్యంగానైనా కదిలాయి. మేనేజరు గది గుమ్మం దగ్గరికి పిలిచి, ఇంకోసారి ఇలాంటిది జరిగితే హెడ్డాఫీసుకి ఫోను చేస్తానని, ఆ తరవాత మీ అక్క వచ్చి అడిగినా తన చేతిలో ఏమీ ఉండదని చెప్పాడు. గొంతు పెంచకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, తడిసిన గొడుగు మూల పెట్టి, స్టూలు ముందు కూర్చున్నాను. అక్క ఎడమవైపు తిరిగి నన్నే చూస్తోంది.

"కొట్టు," అంది.

ఎల్, ఎస్ కొట్టాను. ఏమేం ఉన్నాయో చెప్పింది. డ్రైవర్ల గదిలోకి వెళ్ళమని కొట్టాను. అక్క ఏమీ అనలేదు.

"కొట్టాను," అన్నాను.

పెదాలు బిగించుకుని నా మొహంలోకి చూస్తోంది. మా అక్క అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను పుట్టాక చూడలేదు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు. వంటింట్లోంచి బావ కంగారుగా గుమ్మంలోకి వచ్చాడు.

"నొప్పిగా ఉందా?"

"నేను మిషన్ని," అంది అక్క పళ్ళ మధ్య నుంచి. "నన్ను మాట్లాడించకండి."

బావ మా ఇద్దరినీ చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. నేను తరవాతి కమాండు కొట్టాను. ఆమె ఊరుకుంది. ఇంకోటి కొట్టాను. ఊరుకుంది. ఒకచోట ఖాళీ మర్చిపోయాను. "అలాంటి కమాండు లేదు," అంది, అంతే, తిట్టు లేదు. ఆ రోజు తప్పు ఎవరిదన్న మాట మా మధ్య మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచి అక్క ఊఁ కొట్టడం మాత్రం మానేసింది.

*

తరవాత అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. ఒకరోజు రెండు బాణాల చోట ఒకటి కొట్టి సెలవుల ఫైలు మొత్తం పోగొట్టాను. ఎవరెవరు సెలవు పెట్టారో వాళ్ళనే అడిగి మళ్ళీ ఎక్కిద్దామని ఆవరణలోకి వెళ్ళాను. ఆ రోజు డిపోలో సెలవు పెట్టనివాడు ఒక్కడూ లేడు. హారన్ అయితే వాళ్ళ తమ్ముడి పెళ్ళని చెప్పాడు. ఆయనకు తమ్ముడే లేడని బావ రెండు ముక్కల్లో చెప్పబట్టి సరిపోయింది.

కానీ వానలు ముదిరే నాటికి, ఒక పొద్దున కుర్చీలో కూర్చుని, ఎప్పటినుంచో ఫోను అందుకోలేదని గుర్తొచ్చింది. వేళ్ళే వెళ్తున్నాయి. నేనెక్కడున్నానో మిషన్ని అడగకుండానే నాకు తెలుస్తోంది. ఇంట్లో అక్క మాటలు, ఆవరణలో ఇంజన్ల రొద, వీటి మధ్య అదొక్కటే తొందరపెట్టకుండా గీత మిణుకుమనిపిస్తూ నేను చెప్పేదాకా ఆగేది. చెప్పింది చేసి ఊరుకునేది. నా అంత తక్కువ మాట్లాడేది నాకు మొదటిసారి తగిలింది. పాత చార్టులన్నీ ఒకే గదిలో కుప్పగా పడి ఉంటే, నెలకో గది కట్టి వాటిని సర్దాను. ఎవరూ చెప్పలేదు. చేశానని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్చీ నాకు ఇష్టమైందన్న సంగతి కూడా.

ఒక మధ్యాహ్నం బావ తడిసిన బట్టలతో డ్యూటీ గది కిటికీ దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"పాప," అన్నాడు. ఆస్పత్రి వైపు తిరిగి వెళ్ళిపోయాడు.

మిగతా సంగతి, తల్లీ బిడ్డా క్షేమమని, ముక్కు వాళ్ళ నాన్నదని, గొంతు మాత్రం వాళ్ళమ్మదేనని, హారన్ ఆవరణ అంతా వినపడేలా చెప్పాడు.

అక్క పాపతో ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు మేనేజరు టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ లేనిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చార్టులు వేళకు వస్తున్నాయన్నాడు. ఎవరితోనూ గొడవ లేకుండా పని జరుగుతోందన్నాడు. పసిపిల్లతో మీ అక్కకు ఇప్పట్లో ఎలా కుదురుతుంది, ఆమెకు టికెట్ల కిటికీ ఉండనే ఉంది, వీలైనప్పుడు వచ్చి అక్కడ కూర్చుంటుంది, నువ్వే ఇక్కడ ఉండిపో, హెడ్డాఫీసుకి రాసేస్తాను అన్నాడు.

మామూలుగానే నాకు మాట లోపలి నుంచి రావడానికి ఆలస్యమవుతుంది. ఆ రోజు ఇంకా ఆలస్యమైంది. తెర మీద గీత మిణుకుమంటోంది. మేనేజరు టీ తాగేసి, గ్లాసు నా బల్ల మీదే పెట్టి, "సరే అయితే," అని లేచి వెళ్ళిపోయాడు.

ఇంట్లో చెప్పాలనే అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, పాప బట్టలు ఉతికాను, ఆరేశాను, వానకి ఆరకపోతే మళ్ళీ తీసి లోపల ఆరేశాను. ఈలోపు బావ వచ్చాడు. ఆయనలో ఏ కల్మషమూ లేదు. కాళ్ళు తుడుచుకుంటూ, "మేనేజరు కనిపించాడు. ఆ సీట్లో మరదలు ఉండిపోవడానికి ఒప్పుకుందట," అన్నాడు. బావ అంత పొడుగు మాట మాట్లాడడమే అరుదు. ఆ ఒక్కసారీ మాట్లాడకపోయినా బాగుండేది.

అక్క నా వైపు చూసింది. నేను తిడుతుందనుకున్నాను. నా కుర్చీకే ఎసరు పెట్టావా అని అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పేదాన్ని.

ఆమె పాపను అటు పడుకోబెట్టి, తనూ అటు తిరిగింది. నెలల తరబడి ఎడమవైపు, నా స్టూలు వైపే చూసిన మనిషి ఆ సాయంత్రం కుడివైపు గోడ వైపు తిరిగి పడుకుంది.

"అక్కా, నేను ఒప్పుకోలేదు. నేనేమీ అనలేదు."

గోడ వైపు నుంచే అంది. "అదే. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే పనైపోయినట్టేనని నేనే కదే నీకు నేర్పాను."

*

పొద్దున నేను డ్యూటీ గదికి పోకుండా సరాసరి మేనేజరు గదికి వెళ్ళాను. హారన్ అక్కడే ఉన్నాడు, ఈసారి ఏ తమ్ముడి పేరు మీదో సెలవడుగుతూ. నేను బల్ల ముందు నిలబడ్డాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు గుమ్మం దగ్గరే రాలిపోయాయి. పాస్‌వర్డు కొడుతున్నట్టే ఉంది. లోపల అక్షరాలు పడుతున్నాయి, బయటికి ఏమీ కనిపించడం లేదు.

"ఏంటమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఆ కుర్చీ మా అక్కది సార్. ఆమె వచ్చేదాకానే నేను. ఉండిపోతానని నేను అనలేదు."

"మరి ఆ రోజు ఊరుకున్నావుగా? మౌనం అంగీకారమంటారు."

"అది మిషనుకి సార్. నాకు కాదు."

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"హెడ్డాఫీసుకి రాసేశాను కదమ్మా."

"మళ్ళీ రాయండి సార్."

నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన కూడా అదే అనుమానంతో చూశాడనుకుంటాను.

"సరే, రాస్తాను. ఆమె వచ్చాక పసిపిల్లతో పని కుదరకపోతే? అప్పుడు నా గతేంటి?"

"కుదరకపోతే ఆమే చెప్తుంది సార్. చెప్పడానికి మా అక్క మొహమాటపడదు."

"అది మాత్రం నిజం," అన్నాడు హారన్, తన లెక్కలో నెమ్మదిగా. కిటికీ అద్దం కదిలింది.

మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని ముందున్న కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. నేను కాసేపు నిలబడ్డాను. ఆయన ఇంకేమీ అనలేదు. మళ్ళీ అడగబోయి, ఆగి, బయటికి వచ్చేశాను.

డ్యూటీ గదిలో కూర్చుని ఆ రోజు చార్టు వేశాను. అవసరం లేకపోయినా గదులన్నిటిలోకీ ఒకసారి వెళ్ళి వచ్చాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సంగతి నాకంటే ముందే వెళ్ళిందని అర్థమైంది. హారన్ నోట పడ్డ మాట ఎక్కడాగుతుంది? అక్క మళ్ళీ ఎడమవైపు తిరిగి ఉంది. ఆ మాటే ఎత్తలేదు.

"చేతులు కడుక్కునిరా," అంది. "పాపను పట్టుకుందువుగాని, నా చెయ్యి లాగుతోంది."

వానలు వెనకపట్టు పట్టాక అక్క పనిలోకి వెళ్ళింది. పాపతో నేను ఇంట్లో ఉండిపోయాను. ఆ రోజంతా పాపను ఒళ్ళో వేసుకుని, ఇప్పుడు తెర ఏమడుగుతుంటుంది, ఇప్పుడు ప్రింటరు మొదలై ఉంటుంది అనుకుంటూ గడిపాను. అలా అనుకోవడం ఎవరికీ ఉపయోగం లేదని తెలుసు. అయినా గడియారం వైపే చూశాను.

చీకటి పడకముందే అక్క విసవిసా వచ్చింది. చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి వీధిలో.

"నా చార్టులన్నీ ఏ గంగలో కలిపావే? పొద్దుటి నుంచీ వెతుకుతున్నాను. ఏదీ ఉన్నచోట లేదు. ఇదివరకు హాయిగా ఒక్కచోట పడి ఉండేవి!"

"నెలకో గది కట్టాను."

"ఎవరు కట్టమన్నారు?"

అక్క పాపను ముద్దుపెట్టుకుని, మొహం కడుక్కుని, స్టూలు ముందు కూర్చుంది. తీగ తెగిన కీబోర్డు మీద దుమ్ము ఊదింది.

"నువ్వు మిషను," అంది. "నేను కొడతాను. ఎక్కడికి వెళ్ళాలో నాకు అర్థమయ్యేదాకా నీకు అన్నం లేదు."

పాపను తొడ మీద పడుకోబెట్టుకుని ఆమె వేళ్ళ వైపు చూశాను. సీ, డీ, గది పేరు.

"అలాంటి గది లేదు," అన్నాను డబ్బా గొంతుతో.

అక్క నా వైపు కొరకొరా చూసి మళ్ళీ కొట్టింది. ఈసారి పేరు సరైనదే. నేను ఊరుకున్నాను. ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది. నేను పెదాలు బిగించుకున్నాను.

"ఊఁ," అని వినపడింది.

అక్క వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. "నువ్వా?"

"నేను కాదు. నేను పలకను."

ఇద్దరం కిందికి చూశాం. పాప పైకప్పు వైపు చూస్తూ, నోరు గుండ్రంగా చేసి, ఇంకా ఏదో అనబోతున్నట్టు ఉంది. అప్పటిదాకా ఏడుపు తప్ప ఇంకో చప్పుడు ఎరగదు. బావ చేతిలో స్పానరుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన్ని ఎవరు పిలిచారో తెలియదు.

"కొట్టు," అన్నాడు అక్కతో.

అక్క మీటల మీద ఏదో కొట్టింది. అది తప్పో ఒప్పో నేను చూడలేదు. ముగ్గురం చెవులు రిక్కించి పాప వైపు చూస్తూ ఉండిపోయాం.